అవకాశం ముట్టిందా?

అయినా గ్యాసు బండ కట్టేశాడో లేదో గుర్తురావడం లేదు. కట్టేసే ఉంటాడు. పొద్దున్న టీ మరిగాక ఎడంచేత్తో గిన్నె దించి, కుడిచేత్తో... లేదు, కుడిచేతిలో ఫోనుంది. ఫోనులో కార్యదర్శిగారు. "త్రిమూర్తులూ, ఈవేళ కూడా నువ్వు ఏ బెంగా పెట్టుకోకు" అన్నారు. బెంగ లేకపోవడమే బెంగగా ఉందని అంత పెద్దమనిషికి ఎలా చెప్పడం? గిన్నె ఎక్కడ దించాడు? కిటికీ పక్కనైతే పిల్లి తాగేసి ఉంటుంది. ఆ పిల్లి ఎవరిదో పాపం, ఒక చెవి చిరిగి ఉంటుంది. ఇంతకీ ఆ బౌలరు ఎక్కడిదాకా వచ్చాడు? వచ్చేశాడు. చెయ్యి కూడా తిప్పేశాడు. మరయితే బంతి...

వెనకాల స్టంపు పడిన చప్పుడైంది.

కర్రి త్రిమూర్తులు తిరిగి చూడలేదు. చూడనక్కర్లేదు. ఆ చప్పుడు ఈ మధ్య అతనికి గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడంత అలవాటైపోయింది. బౌలరు ఎగిరి గంతెయ్యలేదు, ఫీల్డర్లు కేకలెయ్యలేదు. అందరూ నడుం మీద చేతులు పెట్టుకుని పెవిలియన్ వైపు చూస్తూ నిలబడ్డారు. అటునుంచి ఇద్దరు బంట్రోతులు చిన్న మేజా, కుర్చీ మోసుకుంటూ పిచ్ మీదికి వస్తున్నారు. వాళ్ల వెనక మూడో బంట్రోతు పట్టిన గొడుగు నీడలో పరబ్రహ్మంగారు వస్తున్నారు.

పరబ్రహ్మంగారు తూర్పు డెల్టా క్రికెట్ సంఘానికి అవకాశ పరిశీలకులు. అంతకుముందు సబ్ రిజిస్ట్రారుగా చేసి రిటైరయ్యారు. ఆయన కుర్చీలో కూచుని, కళ్లజోడు తుడుచుకుని, ఇంకుప్యాడు మేజా మీద సర్దుకుని, త్రిమూర్తుల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"పేరు?"

"కర్రి త్రిమూర్తులండి."

"ఇప్పుడు సంఘం వారు తమకు దఖలుపరిచిన బ్యాటింగు అవకాశం తమకు పూర్తిగా ముట్టిందా? ఎవరి బలవంతమూ లేకుండా, స్వయంగా, ఇష్టపూర్వకంగా చెప్పాలి."

త్రిమూర్తులు నేల చూశాడు. ముట్టిందంటే ఎడంచేతి బొటనవేలు ఇంకులో ముంచి కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. అలాంటివి మూడు పడితే జట్టులోంచి తీసేస్తారు. ముట్టలేదంటే ఆ అవకాశం పుట్టనట్టే.

"మరి... కొంచెం ఎండ కళ్లల్లో కొట్టిందండి" అన్నాడు.

ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. పరబ్రహ్మంగారు ఆ మబ్బు వంక చూశారు, త్రిమూర్తుల వంక చూశారు.

"చెప్పినది రాసుకోవడమే నా పని. ముట్టలేదు" అని తెల్లజెండా ఎత్తారు.

జనం చప్పట్లు కొట్టారు. త్రిమూర్తులు బ్యాటు ఎత్తి చూపించాడు. సున్నాకి అవుటైనవాడు బ్యాటు ఎత్తడం ఎలా ఉంటుందో అద్దంలో చూసుకోవాలని ఒక క్షణం అనిపించింది గాని, అద్దం వద్దనిపించింది.

*

ఈ ఏర్పాటు వెనక చిన్న అవమానముంది. ఇంతకుముందు ఒక కుర్రాడు పచ్చకామెర్లు తగ్గి జట్టులోకి తిరిగొచ్చాడు. మొదటి మ్యాచ్‌లోనే సున్నాకి అవుటయ్యాడు. సంఘం వాళ్లు అతన్ని తీసేశారు. అతను పక్క మండలానికి వెళ్లి, మన డెల్టా మీదే రెండువందలు కొట్టాడు. కొట్టి ఊరుకోకుండా, కార్యదర్శి విశ్వపతిగారు కూచున్న చోటు చూసుకుని మరీ బంతులు అటే పంపాడు. ఒక బంతి వారి కాఫీ కప్పులో పడింది.

దానితో విశ్వపతిగారు తిరిగొచ్చిన ఆటగాళ్లకి ఎన్ని అవకాశాలివ్వాలో తేల్చడానికి పునరాగమన క్రీడాకారుల అవకాశ నిర్ధారణ సంఘాన్ని వేశారు. మూడు అని తేలడానికి రెండు నిమిషాలు పట్టలేదు, ఒక సభ్యుడికి రైలుకి వేళైపోతోంది మరి. అందరూ లేస్తూంటే మరో సభ్యుడు, "అవునుగాని, అవకాశం అంటే ఏంటండీ?" అన్నాడు. ఆ రైలు వెళ్లిపోయింది. ఆ నెలలో అలాంటి రైళ్లు చాలా వెళ్లిపోయాయి.

మంచి బంతికి అవుటైతే అవకాశమవుతుందా? మంచి బంతి వెయ్యడం ఎదటివాడి గొప్పతనం కదా, దానికి మనవాణ్ని శిక్షించడమేంటి? సరే, చెత్త బంతికి అవుటైతే? చెత్త బంతికి ఎవడైనా సిద్ధపడి ఉంటాడా? అంపైరు తప్పైతే? తోటివాడు రమ్మని పిలిచి తను ఆగిపోతే? పొద్దున్న ఉప్మా అరక్కపోతే?

విశ్వపతిగారు లేచి నిలబడి, కండువా సర్దుకున్నారు.

"అవకాశమనేది ఇచ్చేవాడి వైపు నుంచి చూస్తే దత్తము. పుచ్చుకునేవాడి వైపు నుంచి చూస్తే ప్రాప్తము. దత్తమైనదంతా ప్రాప్తమైనట్టు కాదు. ఈ సున్నితమైన అంశాన్ని సభ్యులు గుర్తించవలసిందిగా కోరుతున్నాను."

సభ్యులు గుర్తించి టిఫిను తిన్నారు. అప్పుడు మూల కుర్చీలో కూచున్న పరబ్రహ్మంగారు గొంతు సవరించుకున్నారు.

"దీనికింత గుంజాటన ఎందుకండి? నేను సర్వీసంతా రిజిస్ట్రారాఫీసులో చేశాను. పొలం అమ్మేవాణ్ని ఎదురుగా నిలబెట్టి, సొమ్ము ముట్టిందా అని అడుగుతాం. ముట్టిందంటే వేలిముద్ర. ముట్టలేదంటే దేవుడు దిగొచ్చినా దస్తావేజు కదలదు. ఆటగాణ్ని కూడా అలాగే అడిగేస్తే పోలే?"

విశ్వపతిగారు లేచొచ్చి ఆయన్ని కౌగలించుకున్నారు. ఆ క్షణాన అక్కడున్న వాళ్లెవరికీ తట్టని సంగతి ఒకటుంది. పొలం అమ్మేవాడు ముట్టిందని ఎందుకంటాడంటే, నిజంగా ముడుతుంది గనక. అవుటైనవాడికి ముట్టేదేమిటి?

*

త్రిమూర్తులు భుజం విరిగి, ఆపరేషనయ్యి, రెండేళ్లు ఇంట్లో కూచుని తిరిగొచ్చాడు. ఆ రెండేళ్లూ అతను ఒకటే ప్రశ్నతో పడుకుని ఒకటే ప్రశ్నతో లేచాడు. తనలో ఆట ఉందా, అయిపోయిందా? డాక్టరు భుజం బాగుందన్నాడు. భుజం సంగతి కాదు అతను అడిగింది. మైదానంలో నిలబడి నాలుగు బంతులు ఆడితే తేలిపోతుందనుకున్నాడు. ఉందంటే ఆడతాడు. లేదంటే మానేస్తాడు. ఏదో ఒకటి తేలితే ప్రాణం హాయిగా ఉంటుంది. అంతకంటే అతను ఎవరినీ ఏమీ కోరలేదు.

తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లో అతని మోకాళ్లు వణికాయి. ఆ వణుకు చూసి అతనికి భలే సంతోషమేసింది, ఎప్పటినించో కనపడని చుట్టం ఎదురైనట్టు. నాలుగు బంతులు చూసి ఆడాడు. అయిదో దానికి అవుటయ్యాడు. పరబ్రహ్మంగారి మేజా రావడం అదే మొదలు. ముట్టిందా అని అడిగితే, నోటిదాకా వచ్చిన మాట ఒకటైతే, నోట్లోంచి ఊడిపడింది మరొకటి. "గాలి తోలిందండి" అన్నాడు.

అంతే. ఆ రోజునుంచి మోకాళ్లు వణకడం మానేశాయి. కళ్లు బంతిని చూడడం మానేశాయి. అవుటైనా అవనట్టే అని తెలిశాక లోపలి మనిషి చాప చుట్టుకుని ఎటో వెళ్లిపోయాడు. క్రీజులో నిలబడితే గ్యాసు బండ గుర్తొస్తుంది, పిల్లి గుర్తొస్తుంది, చిన్నప్పుడు తెగిపోయిన గాలిపటం గుర్తొస్తుంది. ఎండ, గాలి, కాకి, ప్రేక్షకుల్లో ఎవరో తుమ్మడం, ఇలా ఒక్కో మ్యాచ్‌కీ ఒక్కో కారణం చెప్పుకుంటూ వచ్చాడు. కాగితం తెల్లగా ఉంది. ఉందా, అయిపోయిందా అన్న ప్రశ్న మాత్రం రోజుకింత లావెక్కుతోంది.

*

జట్టులో శేషగిరి అని ఓపెనరున్నాడు. వరసగా పరుగులు కొడుతున్నవాడు. ఒక్కసారి సున్నాకి అవుటయ్యేసరికి అతన్ని తీసేశారు. అతను నేరుగా విశ్వపతిగారి గదిలోకి వెళ్లాడు.

"ఏవండీ, త్రిమూర్తులు బంతి మొహం చూసి ఎన్నాళ్లయిందో! అతన్ని ఉంచి నన్ను తీసేస్తారా?"

"అతను పునరాగతుడు నాయనా. అతనికి రక్షణ ఉంది. నువ్వు ఎక్కడికీ పోలేదు కదా, తిరిగి రావడానికి?"

"పోతేనో?"

విశ్వపతిగారు నిబంధనలు తిరగేశారు. పోకూడదని ఎక్కడా లేదు.

ఆ సాయంత్రమే సంఘం హాలులో శేషగిరి వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పారు, దండ వేశారు. "ఒక మహోన్నత అధ్యాయం ముగిసింది" అని విశ్వపతిగారు గద్గదంగా ప్రకటించారు. ముందు వరసలో కూచున్న శేషగిరి వాళ్లమ్మ నిజంగానే ఏడ్చింది. ఆవిడకి ఎవరూ ముందుగా చెప్పలేదు. మర్నాడు పొద్దున్న అదే హాలులో అదే శాలువాతో పునరాగమన స్వాగత సభ జరిగింది. లడ్డూలు కూడా నిన్నటివే.

ఆ తర్వాత వరస కట్టారు. వికెట్ కీపరు మంగళవారం రిటైరై బుధవారం తిరిగొచ్చాడు. ఇద్దరు స్పిన్నర్లు ఖర్చు కలిసొస్తుందని జంటగా వీడ్కోలు చెప్పుకున్నారు. కెప్టెను మాత్రం హుందాగా రెండు రోజులు ఆగాడు. గేటు దగ్గర పూలమ్మే ఆవిడ దండలు అమ్మడం మానేసి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి పదకొండుమందీ పునరాగతులే. ఇక ఒక్కణ్నీ కదపడానికి లేదు.

ఈ సంబరంలో ఏమీ కానివాడు నూకరాజు ఒక్కడే. ఆరేళ్లుగా జట్టుకి పన్నెండోవాడు. మంచినీళ్ల సీసాలు మొయ్యడంలో అతనికి మండలంలో సాటి లేదు. వాళ్లూవీళ్లూ చెప్పగా విని అతనూ విశ్వపతిగారి దగ్గరికెళ్లాడు.

"ఆయ్, నన్నూ ఓసారి తీసెయ్యండి బాబూ! మళ్లీ వచ్చేత్తాను."

"తీసెయ్యాలంటే ముందు జట్టులో ఉండాలి కదయ్యా."

"అయితే ముందు పెట్టండి."

"పెట్టాలంటే ఖాళీ ఉండాలి."

"ఖాళీ ఎప్పుడొత్తదండి?"

"ఎవరికైనా మూడు అవకాశాలు ముట్టినప్పుడు."

"ఇప్పటిదాకా ఎన్ని ముట్టాయండి?"

విశ్వపతిగారు గర్వంగా నవ్వారు. "మన పాలనలో ఒక్క అవకాశం కూడా వృథా పోలేదు నూకరాజూ."

*

తర్వాత బౌలర్లు అడిగారు, మేం మాత్రం తిరిగి రాలేదా అని. న్యాయమే. పరబ్రహ్మంగారి మేజా బౌలరు దగ్గరికి కూడా వెళ్లడం మొదలైంది. ఓవరు పూర్తవగానే "ఆరు బంతులూ ముట్టాయా?" అంటారు. నాలుగోది చేతిలో జారిందంటాడు. మళ్లీ వేస్తాడు. ఒక ఓవరు ఇడ్లీల వేళ మొదలై భోజనాలయ్యాక ముగిసింది. క్యాచ్ జారవిడిచిన ఫీల్డరు, "చేతికి ముట్టిందండి, మనసుకి ముట్టలేదు" అన్నాడు. పరబ్రహ్మంగారు అది రాసుకుని, బంతి మళ్లీ అతని వైపు విసరమన్నారు. మళ్లీ జారవిడిచాడు. మళ్లీ విసిరారు. చివరికి అంపైరే వెళ్లి బంతిని అతని దోసిట్లో పెట్టి వచ్చాడు. అవుటైన బ్యాట్స్‌మన్ అది చూసి కూడా తనకి ముట్టలేదన్నాడు.

మ్యాచ్‌లు ముగియడం ఆగిపోయింది. ఎవరూ ఓడలేదు. ఎవరూ ఓడని మండలంగా తూర్పు డెల్టా పేరు మోగింది. ఆ మధ్యలో సంఘం ఎన్నికలొచ్చి, విశ్వపతిగారు ఓడిపోయారు. మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చి కుర్చీలో కూచుని, "ఈ ఓటమి నాకు పూర్తిగా ముట్టలేదు" అన్నారు. గెలిచినాయన కాసేపు గుమ్మంలో నిలబడి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఇక ఇతర మండలాల నుంచి అధ్యయన బృందం ఒకటి బయల్దేరింది. శనివారం మ్యాచ్ చూసి, ఈ పద్ధతి నేర్చుకుని, దేశమంతా పాకిస్తారట.

శుక్రవారం సాయంత్రం త్రిమూర్తులూ నూకరాజూ స్టేడియం ఎదురుగా బజ్జీల బండి దగ్గర నిలబడ్డారు. నూకరాజు మిరపకాయ బజ్జీ తొడిమ పట్టుకుని ఊదుకుంటున్నాడు.

"అన్నయ్యా, ఓ మాట అడుగుతాను, కోపగించుకోకు. నిజంగా ఒక్కటి కూడా ముట్టలేదా నీకు?"

"మొదటిది ముట్టిందిరా."

"మరి గాలి తోలిందన్నావంట?"

"అన్నాను."

"తోలిందా?"

"ఎక్కడో ఒకచోట తోలే ఉంటుంది కదరా."

నూకరాజు పగలబడి నవ్వాడు. కారం పొలమారి కళ్లంట నీళ్లొచ్చాయి. త్రిమూర్తులు వీపు మీద చరిచాడు.

"నీ దుంపతెగ! నాకైతే అన్నయ్యా, ఒక్కటిస్తే చాలు. ముట్టిందో లేదో కూడా అడగక్కర్లేదు. ఇలా లోపలికెళ్లి, అలా అవుటయ్యి, ఏడుత్తూ బయటికొచ్చేత్తాను. ఆ ఏడుపు నాదే కదా, ఎవడూ లాక్కోడు."

త్రిమూర్తులికి తింటున్న బజ్జీ రుచి తెలియడం మానేసింది. ఏడుపు నాదే కదా. తన దగ్గర లేనిదదే. ఇన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఒక్క ఏడుపూ తనది కాలేదు. గాలి ఏడుపు, ఎండ ఏడుపు, కాకి ఏడుపు అన్నీ సంఘం ఖాతాలోకి వెళ్లిపోయాయి. మనిషికి తన ఓటమి తన చేతికి రాకపోతే, తను ఆడినట్టు తనకే సాక్ష్యం ఉండదేమో. రేపు ఏం జరిగినా ముట్టిందంటాననుకున్నాడు. పైకి అనలేదు. లోపలే, అదీ మెల్లిగా, తనకి కూడా సగమే వినపడేటట్టు.

వెంటనే మోకాలు వణికింది.

*

శనివారం నీలంగా తెల్లారింది. గాలి లేదు. ఎండ వెనకనుంచి పడుతోంది. త్రిమూర్తులు క్రీజులోకి వెళ్తూ ఆకాశమంతా వెతికాడు. కాకి కూడా లేదు. ఒక వంకయినా మిగల్చకుండా ఎవరో ఊడ్చి పెట్టినట్టుంది.

బౌలరు పరుగెత్తుకొస్తున్నాడు. గ్యాసు బండ గుర్తుచేసుకుందామని చూశాడు. రాలేదు. పిల్లి రాలేదు. బంతి వచ్చింది. ఎర్రగా, గుండ్రంగా, కుట్టు కుట్టూ లెక్కపెట్టుకోవచ్చునన్నంత స్పష్టంగా వచ్చింది. ఓహో, బంతి ఇలా ఉంటుంది కదూ, అనుకునేలోపే బ్యాటు దానంతటది కదిలి, బంతి కవర్స్ మధ్యనుంచి గడ్డి కోసుకుంటూ పోయింది. త్రిమూర్తులికి నవ్వొచ్చింది. భయమేసింది.

ఆ తర్వాతి గంట అతనికి వివరంగా గుర్తులేదు. బంతులు మాత్రమే గుర్తున్నాయి. ఒకటి ఎత్తుగా లేచి ముక్కు పక్కనుంచి పోయింది. ఒకటి అంచు తగిలి స్లిప్ ముందు పడింది, అప్పుడు గుండె ఆగి మళ్లీ కొట్టుకుంది. పోతే పోయేదే కదా! పోయేది ఉన్నందుకు ఇంత సుఖముందా? నలభై దాటాడో, యాభై దాటాడో. పెవిలియన్‌లో జనం కొత్త రకంగా అరుస్తున్నారు. పరుగులకి అరవడం వాళ్లు మరిచిపోయి చాలా రోజులైంది.

అప్పుడు ఒక తిన్నని బంతి వచ్చింది. ఎగరలేదు, తిరగలేదు, ఏ గొప్పా లేదు. త్రిమూర్తులు చక్కగా చూశాడు, చక్కగా ముందుకు అడుగేశాడు, చక్కగా తప్పాడు. మధ్య స్టంపు పడిపోయింది.

మేజా వచ్చింది. గొడుగు వచ్చింది. వాటి వెనకే అధ్యయన బృందాన్ని వెంటబెట్టుకుని విశ్వపతిగారు కూడా పిచ్ మీదికి వచ్చేశారు. "అయ్యలారా, గమనించండి. క్రీడాకారుని అంతరాత్మే ఇక్కడ న్యాయమూర్తి" అని చెయ్యి చాపి చూపించారు.

"పేరు?" అన్నారు పరబ్రహ్మంగారు.

"కర్రి త్రిమూర్తులండి."

"సంఘం వారు తమకు దఖలుపరిచిన అవకాశం తమకు పూర్తిగా ముట్టిందా? ఎవరి బలవంతమూ లేకుండా చెప్పాలి."

"ముట్టిందండి."

పరబ్రహ్మంగారు అలవాటు చొప్పున తెల్లజెండా సగం ఎత్తేశారు. ఎత్తినచోటే ఆగిపోయారు. "ఏమన్నారూ?"

"పూర్తిగా ముట్టిందండి."

విశ్వపతిగారు గబగబా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "నాయనా త్రిమూర్తులూ, తొందరపడకు. పెద్దలు చూస్తున్నారు. గాలి గురించి ఏమైనా..."

"గాలి లేదండి."

"ఎండ?"

"వెనకుంది."

"పోనీ బంతిలో ఏదో దోషం?"

"బంగారంలాంటి బంతండి. తప్పు నాదే."

అధ్యయన బృందంలో ఒకాయన పక్కాయన చెవిలో, "ఇది కూడా పద్ధతిలో భాగమేనా?" అని అడిగాడు. విశ్వపతిగారు నుదురు తుడుచుకుని, "ఇది... ఇది అరుదైన సందర్భం" అన్నారు. "ఒకటే కదా. ఇంకా రెండున్నాయి. కంగారేం లేదు" అని తనకి తానే చెప్పుకున్నారు.

ఇంకా రెండున్నాయి. ఆ మాట వింటే త్రిమూర్తులికి ఒళ్లు ఝల్లుమంది. ఇన్నాళ్లూ లెక్కలేనన్ని ఉన్నప్పుడు తన దగ్గర ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు రెండున్నాయి.

పరబ్రహ్మంగారు ఇంకుప్యాడు మూత తీశారు. ఎండిపోయి బీటలు వారి ఉంది. ఎన్నాళ్లనించో ఎవరూ వేలు పెట్టలేదు మరి. ఆయన దాన్ని గోటితో గీకారు, నోటితో ఊదారు. లాభం లేకపోయింది. ముసలాయన మొహం అవమానంతో ఎర్రబడింది. "నా సర్వీసు మొత్తంలో ఎప్పుడూ ఇలా... ఎవరైనా కొంచెం నీళ్లు..."

అప్పటికే నూకరాజు సీసాతో పరుగెత్తుకొచ్చేశాడు. వంగి, ప్యాడు మీద చుక్కచుక్కగా నీళ్లు వదిలాడు. నీలం మెల్లిగా ఊరింది. అతను ఆపలేదు.

"చాలయ్యా, చాలు!" అన్నారు పరబ్రహ్మంగారు.

"ఓ రవ్వ ఎక్కువే ఉండనివ్వండి బాబూ" అన్నాడు నూకరాజు, పెవిలియన్‌లో వరసగా కూచున్న మిగతా జట్టు వంక చూస్తూ. "ఒకళ్లు మొదలెట్టారు కదండీ."

శేషగిరి చటుక్కున తల తిప్పుకుని షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

త్రిమూర్తులు బ్యాటు చంకలో పెట్టుకున్నాడు. పళ్లతో పట్టీ లాగి ఎడంచేతి గ్లవుజు ఊడదీశాడు. బొటనవేలు చెమటకి నానిపోయి, ముడతలు పడి, అప్పుడే పుట్టిన పిల్లవాడి వేలులా ఉంది. దాన్ని చొక్కాకి తుడుచుకుని, నీలంలో ముంచి, తెల్ల కాగితం మీద గట్టిగా అదిమాడు.